టీవీ పోయింది, పెట్టె ఉంది

మా ఇంట్లో మెట్ల కింద చిన్న గది ఒకటుంది. తొమ్మిదేళ్లుగా అందులో ఖాళీ అట్టపెట్టెలే కాపురం చేశాయి. టీవీది, ప్రింటరుది, కంప్యూటర్ తెరది, లోపలి థర్మాకోల్ ముక్కలతో సహా. ఎందుకివన్నీ అని ఎవరైనా అడిగితే నా భార్య నా వైపు చూసేది. "ఎప్పుడు వెళ్లిపోవాల్సి వస్తుందో" అనేవాడిని. అమెరికాలో హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వీసా మారాలి, లేదా విమానం ఎక్కాలి. అరవై రోజుల్లో సామాను సర్దాలంటే పెట్టెలు ఉండాలి కదా!

అక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్‌కార్డు వరుసలో నా తేదీ 2015 మార్చి. కంపెనీ నా కోసం లేబర్ దరఖాస్తు, అంటే గ్రీన్‌కార్డుకు తొలి మెట్టు, వేసిన రోజు అది. ఎవరి వంతు వచ్చిందో చెబుతూ అమెరికా ప్రభుత్వం నెలనెలా వేసే వీసా బులెటిన్‌లో భారతీయుల గడిలో ఉన్న తేదీ దాన్ని దాటాలి. ఆ తేదీ ఒక నెలలో మూడు వారాలు ముందుకు జరుగుతుంది, తర్వాత నెలల తరబడి కదలదు, ఒక్కోసారి వెనక్కీ పోతుంది. 1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగాల మీద ఇచ్చే కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. సాధారణంగా ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరు. దేశం ఎంత పెద్దదైనా అంతే. ఆరేళ్లతో ముగియాల్సిన వీసాను మూడేసి సంవత్సరాలు పొడిగించుకుంటూ ఉండటమే మా పని.

ఎదురుచూపు ఒక్కటే అయితే భరించేవాడినేమో. నా మొదటి కంపెనీ "వచ్చే ఏడాది చూద్దాం" అంటూ ఆ దరఖాస్తును రెండేళ్లు సాగదీసింది. అప్పుడే వేసి ఉంటే ఇప్పటికి ఎక్కడుండేవాడినో మంచం మీద పడుకుని లెక్కలు కట్టేవాడిని. పగలు రాబోయే బులెటిన్, రాత్రి పోయిన రెండేళ్లు. ఈ సందులో మా పాపకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. మొదటి పన్ను ఎప్పుడు ఊడిందో ఫోనులో ఫొటో వెతికితే గానీ చెప్పలేను. ఏ నెలలో తేదీ వెనక్కి పోయిందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఈ క్షణంలో బతకమని చెప్పే పెద్దలంటే నాకు గౌరవమే. కాకపోతే వాళ్ల ఐ-94 మీద, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం మీద, గడువు తేదీ ఉందో లేదో ఒకసారి అడగాలనిపిస్తుంది. పాపకు 21 ఏళ్లు నిండేలోపు నా వంతు రాకపోతే, నా దరఖాస్తులోంచి తన పేరు జారిపోయి తన దారి వేరైపోవచ్చు. దాన్ని మరిచిపోవడం నిశ్చింత కాదు, నిర్లక్ష్యం. అయితే ఆ బెంగకు ఒక ఫైలు, ఒక న్యాయవాది సరిపోతారు. నేనేమో ఇల్లు మొత్తం ఆ బెంగకే రాసిచ్చేశాను.

పోయిన చలికాలం నీళ్ల హీటరు కారి మెట్ల కింది గది తడిసింది. నానిన అట్టలు ఒక్కొక్కటే బయటికి లాగుతుంటే అడుగున టీవీ పెట్టె తగిలింది. ఆ టీవీ చెడిపోయి, పారేసి రెండేళ్లయింది. దాని స్థానంలో కొన్నదాని పెట్టె పక్కనే నిలబడి ఉంది. ముందు నా భార్య నవ్వింది. నాకు నవ్వు రావడానికి కాసేపు పట్టింది.

పాప రెండేళ్లుగా పియానో అడుగుతోంది. "బరువు, రేపు ఎలా మోస్తాం?" అని దాటవేస్తూ వచ్చాను. వసంతంలో వాడిన పియానో ఒకటి తీసుకున్నాం. నలుగురు మనుషులు గుమ్మం దగ్గర అటూ ఇటూ తిప్పి, గోడకు ఒక గీత పెట్టి మరీ లోపలికి తెచ్చారు. ఆ రాత్రి బులెటిన్ చూశాను, చూడకుండా ఎలా ఉంటాను? తేదీ కదల్లేదు. హాల్లో పాప నాలుగు స్వరాలు వాయిస్తోంది, నాలుగోది ప్రతిసారీ తప్పుతోంది.

వాడిన పియానోకు అట్టపెట్టె ఉండదని అప్పుడే తెలిసింది. దుప్పట్లు చుట్టి తెచ్చారు. వెళ్తూ వెళ్తూ ఆ దుప్పట్లు కూడా మడిచి పట్టుకుపోయారు.