రినుస్ మిఖెల్స్: బంతి పోయాక ఏం చేయాలి?

డచ్ ఫుట్‌బాల్ కోచ్ రినుస్ మిఖెల్స్ అనగానే టోటల్ ఫుట్‌బాల్ అనే ఆటతీరు గుర్తొస్తుందంటారు. అందులో జనానికి గుర్తున్నది ఎవరైనా ఎక్కడైనా ఆడొచ్చన్న సగమే. అసలు కష్టమంతా రెండో సగంలో, అంటే బంతి ప్రత్యర్థికి పోయాక చేసే పనిలో ఉంది.

1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. 1946లో అదే నగరపు క్లబ్ అయాక్స్ తరఫున తొలి మ్యాచ్‌లోనే ఐదు గోల్స్ కొట్టాడు. లీగ్‌లో మొత్తం 264 మ్యాచ్‌లు, 122 గోల్స్. జాతీయ జట్టుకు మాత్రం ఐదు మ్యాచ్‌లే, గోల్ ఒక్కటీ లేదు. 1958లో నడుం నొప్పితో ఆట మానేశాక వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు.

1965 జనవరిలో కోచ్‌గా వచ్చేసరికి అయాక్స్ కింది డివిజన్‌కు జారిపోయేలా ఉంది. 1966లో అదే జట్టు లీగ్ గెలిచింది.

ఇక ప్రెసింగ్, అంటే పోయిన బంతిని వెంటనే వెంటాడి లాక్కోవడం. బంతి పోగానే ఎవరూ వెనక్కి పరిగెత్తరు. దగ్గరున్నవాడు బంతి మీదికి వెళ్తాడు, పక్కనున్న ఇద్దరు ముగ్గురు పాస్ దారులు మూస్తారు, అదే క్షణంలో డిఫెన్స్ వరుస మొత్తం మధ్యగీత వైపు జరుగుతుంది. ప్రత్యర్థి ఫార్వర్డ్‌లు ఆఫ్‌సైడ్‌లో, అంటే పాస్ అందుకుంటే తప్పయ్యేలా డిఫెండర్ల వెనక, మిగిలిపోతారు. ఇది చెడేది ఎక్కువగా ఒకే చోట: మొదటివాడు వెళ్లి మిగతావాళ్లు ఆలస్యం చేస్తే, బంతి ఉన్నవాడికి తలెత్తి చూసే తీరిక దొరుకుతుంది. అప్పుడు డిఫెండర్ల వెనక ఉన్న ఖాళీలోకి ఒక్క పొడవాటి పాస్ చాలు. అలసిన కాళ్లతో ఈ ఆట సాగదు, అందుకే వ్యాయామ మాస్టారికే ఇది సాధ్యమైందనిపిస్తుంది.

ఆ ఖాళీని కాపాడాలంటే గోల్‌కీపర్ పెనాల్టీ బాక్స్ దాటి ముందుకు రావాలి. 1974 ప్రపంచకప్‌లో మిఖెల్స్ కోచ్‌గా ఉన్న నెదర్లాండ్స్ జట్టుకు 8వ నంబరు చొక్కాతో దిగిన గోల్‌కీపర్ యాన్ యాంగ్‌బ్లూడ్‌ది ఆ పనే. ఫైనల్లో పశ్చిమ జర్మన్లు బంతి తాకకముందే నెదర్లాండ్స్‌కు పెనాల్టీ దక్కింది, నేస్కెన్స్ గోల్ చేశాడు. అయినా నెదర్లాండ్స్ 2-1తో ఓడింది.

అంతకుముందు మిఖెల్స్ 1971లో అయాక్స్‌తో యూరప్ క్లబ్బుల యూరోపియన్ కప్, 1974లో బార్సిలోనాతో స్పెయిన్ లీగ్ గెలిచాడు. 1988లో మళ్లీ నెదర్లాండ్స్‌తో ఆడిన యూరో (యూరప్ దేశాల టోర్నీ) నాటికి మాత్రం మిఖెల్స్ తన పాత పద్ధతినే పట్టుకు వేలాడలేదు. మునుపటిలా ప్రత్యర్థి సగంలోకి అంత ముందుకెళ్లి ప్రెస్ చేయకుండా, నలుగురు మిడ్‌ఫీల్డర్లతో గట్టిగా కూర్చున్న జట్టును దింపి, మ్యూనిక్ ఫైనల్లో సోవియట్ యూనియన్‌ను 2-0తో ఓడించాడు.