విదియ నాటి సముద్రం

అమావాస్య వెళ్లి రెండో రోజు. బీచ్‌కి వెళ్లేముందు తేదీ పక్కన రాసుకోవాల్సినవి నాలుగు అంకెలు: నీళ్లు బాగా వెనక్కి పోయేది ఉదయం 7:10, పోటు నిండేది మధ్యాహ్నం 1:22, మళ్లీ తగ్గేది రాత్రి 7:35, ఆటుకీ పోటుకీ నీటి మట్టంలో తేడా 2.4 మీటర్లు. సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్లు ఇక్కడ ఏమేం ఉన్నాయని అడుగుతారు. ఏది ఏ గంటకు ఉంటుందని అడిగేవాళ్లు తక్కువ. ఆరింటికి పీతలు తిరిగిన రాతి మీద పదకొండింటికి మనిషి లోతు నీళ్లుంటాయి.

అమావాస్యకీ పున్నమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగుతారు కాబట్టి ఆటుపోట్ల తేడా పెద్దది. చాలా తీరాల్లో ఆ పెద్ద పోటు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది, అంటే ఇవాళ్టికి. అష్టమి దాటాక చూస్తే నీళ్లు పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు. ఇక ఊరూరికీ లెక్క వేరు. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల పోటు వచ్చిందో లేదో కూడా తెలియదు, కెనడాలోని ఫండీ అఖాతంలో తేడా 16 మీటర్ల దాకా వెళుతుంది. అందుకే ఆటుపోట్ల పట్టిక చూసేటప్పుడు ముందుగా చూడాల్సింది అది ఏ రేవుది అని.

రాతి గుంటల్లో జీవాలు చూడాలంటే 7:10కి బయల్దేరితే లాభం లేదు. ఆరింటికల్లా అక్కడుండాలి. తగ్గే నీళ్ల వెంట కిందికి దిగుతూ పోయి, తిరగబడే వేళకి వెనక్కి మళ్లాలి. ఒడ్డుకి దగ్గరి గుంటల్లో నత్తలూ, గవ్వలో దూరి బతికే పీతలూ కనిపిస్తాయి. అంచుకి పోయేకొద్దీ పువ్వులా విచ్చుకునే సీ అనెమొనీలూ, నక్షత్ర చేపలూ. గుంట పక్కన కూర్చుని రెండు నిమిషాలు కదలకుండా ఉంటే చాలు, దాక్కున్నవన్నీ బయటికొస్తాయి. మనిషి నీడ నీళ్లమీద పడితే మళ్లీ లోపలికే. చిన్న రాయి ఎత్తి చూస్తే దాన్ని ఉన్నది ఉన్నట్టుగానే తిరిగి పెట్టాలి. తలకిందులుగా వదిలేస్తే కింద అతుక్కున్నవి ఎండకి చస్తాయి. శంకువు ఆకారంలో, గీతలతో అందంగా ఉన్న గవ్వ కనబడితే చేత్తో తీయకూడదు. లోపల కోన్ స్నెయిల్ అనే నత్త బతికే ఉంటే దాని విషం మనిషి ప్రాణం తీయగలదు. ఇక చెప్పులు. నున్నగా, నల్లగా మెరిసే రాయి ఎండినట్టు కనిపించినా పాచి పట్టిందే. హవాయి చెప్పులతో దాని మీద నిలబడలేరు. మడమ వెనక పట్టీ, అడుగున గాట్లు ఉన్న బూట్లే పనికొస్తాయి. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా, అయినా చెప్పాల్సొస్తుంది.

నీళ్లు ఎక్కడం ఒకే వేగంతో ఉండదు. ఆరు గంటల్ని పట్టుకుని తేడాని పన్నెండు భాగాలు చేస్తే, మొదటి గంటలో ఒక భాగం, తర్వాత రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి. ఇవాళ్టి 2.4 మీటర్లకి ఆ లెక్క వేస్తే మొదటి గంటలో పెరిగేది 20 సెంటీమీటర్లే. ఎనిమిదింటికి చూసినవాడు ఇంకా బోలెడు టైముందనుకుంటాడు. తొమ్మిదికి కొంచెం అటూఇటూగా మొదలై రెండు గంటల్లో ఒక మీటరూ 20 సెంటీమీటర్లు ఎక్కేస్తుంది. లోపల తేలిన ఇసుక దిబ్బ మీదికి నడిచి వెళ్లినవాళ్లు చిక్కుకునేది సరిగ్గా అప్పుడే. దిబ్బ ఇంకా పొడిగానే ఉంటుంది. దానికీ ఒడ్డుకీ మధ్యనున్న పల్లం ముందు నిండుతుంది. కాబట్టి కాళ్ల కింది ఇసుకని కాదు, వెనకనున్న పల్లాన్ని చూస్తుండాలి. ఎనిమిదింటికి వెనక్కి తిరిగితే చీలమండలు తడుస్తాయి, అంతే.

కయాక్ గానీ ప్యాడిల్ బోర్డ్ గానీ తీసుకునేవాళ్లకి ఇవాళ ఉన్నది ఉదయమే. ఎండకి నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్లు నిదానంగా. నేలమీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రం మీది గాలి వస్తుంది. పది, పదకొండు గంటలకి మొదలై నడి మధ్యాహ్నానికి ముదురుతుంది. నీళ్లమీద అక్కడక్కడ తెల్ల నురగ తలలు కనపడ్డాయంటే కొత్తవాళ్లు ఒడ్డుకొచ్చేయాలి. అయితే తెల్లవారుజామున అద్దంలా ఉన్న నీళ్లని కూడా అంతగా నమ్మడానికి లేదు. ఆ వేళ గాలి నేలనుంచి సముద్రంలోకి వీస్తుంది. గట్టూ చెట్లూ అడ్డం కాబట్టి ఒడ్డున తెలియదు, రెండు వందల మీటర్లు పోయాక వీపు మీద తగులుతుంది. పోవడం హాయి, రావడం నరకం. ముందు గాలికి ఎదురు తెడ్డు వేసి, వచ్చేటప్పుడు గాలివాటున రావడం పద్ధతి. గాలి నేరుగా లోపలికే వీస్తుంటే ఒడ్డు వెంబడే ఉండాలి. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకునేది కాదు, ఒంటిమీద తొడుక్కునేది. బోర్డ్‌కీ కాలికీ ఉండే తాడు విప్పితే, పడ్డ మరుక్షణం బోర్డు ఈతగాడి కంటే వేగంగా వెళ్లిపోతుంది. గాలి ఊదిన బొమ్మ హంసలూ మొసళ్లూ కొలనులో బావుంటాయి. ఇలాంటి గాలికి అవి తెరచాపలు.

స్నానానికి దిగేవాళ్లు దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి అలల్ని చూడాలి. చిన్న అలలు కొన్ని వచ్చాక పెద్దవి గుంపుగా వస్తాయి. ఆ గుంపు రాకముందే దిగినవాడికి సముద్రం సగమే తెలిసినట్టు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో విరగని చోటు ఒకటి ఉంటుంది. రంగు కొంచెం ముదురు, పైన నురగో ఇసుకో లోపలికి జారిపోతూ ఉంటుంది. పిల్లలతో వచ్చినవాళ్లు ప్రశాంతంగా ఉందని ఏరి మరీ అక్కడే దిగుతారు. అదే రిప్ కరెంట్. ఒడ్డుకి తోసుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి పోయే దారి. ఇసుక దిబ్బల మధ్యనున్న సందుల్లోంచి పోవాలి కాబట్టి నీళ్లు తగ్గిన వేళ చాలాచోట్ల దీని జోరు ఎక్కువ. మామూలుగా సెకనుకి అర మీటరు అటూఇటూ, ఒక్కోసారి 2 మీటర్లు దాటుతుంది. పోటీల్లో ఈదేవాళ్లకి కూడా ఆ జోరుకి ఎదురీదడం అయ్యే పని కాదు. అది కిందికి లాగదు, దూరంగా లాగుతుంది. చంపేది అలసట. పట్టుకుంటే వెల్లకిలా తేలి, ఊపిరి నిలదొక్కుకుని, చెయ్యెత్తి సాయం అడగాలి. ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, అలలు విరిగే చోటు చేరాక వాటితోపాటు ఏటవాలుగా రావాలి. లైఫ్‌గార్డులున్న చోట ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగడం అన్నిటికంటే తేలిక. రెండు ఎర్ర జెండాలు కలిపి ఎగరేస్తే నీళ్లు మూసేసినట్టే. ఊదా జెండా అయితే జెల్లీ ఫిష్ లాంటివి ఉన్నాయని.

జెల్లీ ఫిష్ కుడితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లతో కడగొద్దు. రెండూ ఒంటికి అంటుకుని మిగిలిపోయిన విషపు ముళ్లని రేపుతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న తీగల్ని పటకారుతో తీయాలి. బాక్స్ జెల్లీ ఫిష్‌లుండే తీరాల్లో వెనిగర్ సీసాలు ఒడ్డునే పెట్టి ఉంచుతారు. ఊపిరి బరువెక్కితే ఇవన్నీ ఆపి ఆసుపత్రికి. ఇసుక అడుగున్న చోట అడుగులు ఎత్తి వేయకుండా పాదాలు ఈడుస్తూ నడిస్తే, ఇసుకలో పడుకున్న టేకు చేప (స్టింగ్‌రే) ముందే తప్పుకుంటుంది. తొక్కితేనే తోక విసురుతుంది.

మధ్యాహ్నం లెక్క తేలికది. నేలమీద మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నంతసేపూ అతినీల లోహిత కిరణాలు గట్టిగా ఉన్నట్టు. పల్చటి మబ్బు వాటిని పెద్దగా ఆపదు. ఇసుక కొంత, అలల నురగ ఇంకొంత కిందినుంచి తిప్పికొడతాయి కాబట్టి గొడుగు నీడ సగం నీడే. సన్‌స్క్రీన్ డబ్బామీద రాసిన SPF అంకె చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలిచింది. ఒళ్లంతా కావాలంటే పెద్దవాళ్లకి 35 మిల్లీలీటర్లు, ఏడు చెంచాలు. జనం మామూలుగా రాసేది అందులో సగం కూడా ఉండదు. ఎండలోకి వెళ్లడానికి ఇరవై నిమిషాల ముందు ఒకసారి, తర్వాత రెండేసి గంటలకీ, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ. పగడపు దిబ్బలకి హాని అని హవాయిలో 2021 నుంచి ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్నవాటి అమ్మకం ఆపేశారు. డబ్బా వెనక ఆ రెండు పేర్లు లేవని చూసుకుని కొనడం మంచిదే. అసలు పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఈతకి వేసుకునే బిగుతు చొక్కా) తొడిగితే రాయాల్సింది సగం తగ్గుతుంది. మునిగి చేపలు చూసేవాళ్లకి మాడేది మొహం కాదు, మెడ వెనకా, మోకాళ్ల వెనకా.

స్నోర్కెలింగ్, అంటే మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్లమీద తేలుతూ చేపలు చూడటం, మాత్రం ఇవాళ కుదరని బేరం. పగడపు దిబ్బ మీద నీళ్లు నిండుగా, తేటగా ఉండేది పోటు నిండే వేళ. ఇవాళ అది 1:22. నెత్తిన ఎండ, అప్పటికే గాలి, పైగా ఇంత తేడా ఉన్న రోజు నీళ్లు పరుగులు పెడుతూ అడుగునున్న ఇసుకని లేపుతాయి. గాలి చాటున్న చిన్న మలుపు దొరికితే తప్ప మానేయడమే మేలు. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు జరుగుతుంది కాబట్టి వారం ఆగితే ఉదయం ఏడింటికే నిండుతుంది. తేడా తక్కువ, నీళ్లు నిలకడ, గాలి లేదు. అదే చోటు, అవే చేపలు.

ఆ వారంలో చేయదగ్గ పని మాస్క్ సరిచూసుకోవడం. పట్టీ వేయకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి. చెయ్యి తీసినా పడకపోతే అది మన మొహానిదే. కారితే జనం పట్టీ బిగిస్తారు, ఇంకా కారుతుంది. బిగించేకొద్దీ అంచు ముడత పడుతుంది. అంచు కింద వెంట్రుక ఇరుక్కుందేమో చూడాలి. మీసం ఉన్నవాళ్లకి ముక్కు కింద కొద్దిగా కారడం తప్పదు, వాసెలిన్ రాస్తే నయం. కొత్త మాస్క్ అద్దం లోపల తయారీ పొర ఉంటుంది. టూత్‌పేస్టుతో రెండు మూడుసార్లు తోమితే గానీ ఆవిరి పట్టడం ఆగదు. తర్వాత రోజూ ఉమ్మి చాలు, వింతగా ఉన్నా. కిందికి మునిగేటప్పుడు చెవులు నొప్పెట్టకముందే, మొదటి మీటర్లోనే ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాలి. జలుబుంటే మునగొద్దు. ఎక్కువసేపు ఉండాలని ముందు గబగబా ఊపిరి తీయడం అన్నిటికంటే ప్రమాదం. శరీరానికి గాలి కావాలని చెప్పే బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి, హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పుతుంది.

సాయంత్రం నడకకి ఇవాళ లాంటి రోజు దొరకదు. 7:35కి నీళ్లు తగ్గుతాయి కాబట్టి పొద్దుగూకే వేళకి వెడల్పాటి తడి ఇసుక గట్టిగా, పరిచినట్టు ఉంటుంది. పొడి ఇసుకలో కిలోమీటరు నడిచే ఓపికతో దీనిమీద రెండు నడవచ్చు. ఉష్ణమండలంలో సంధ్య పొట్టిది, సూర్యుడు మునిగాక పాతిక నిమిషాల్లో చీకటి. వెనక్కి తిరగాల్సింది సూర్యుడు అంచు తాకినప్పుడే. విదియ చంద్రుడు సన్నగా కనిపించి గంటో గంటన్నరకో దిగిపోతాడు. ఆ తర్వాత చీకట్లో తడి ఇసుక మీద కాలు వేస్తే నీలంగా మెరుపులు రావచ్చు, సముద్రంలో వెలిగే సూక్ష్మజీవులుంటే. టార్చ్ ఆపితేనే కనపడతాయి. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమైతే ఎలాగూ టార్చ్ వేయకూడదు.

రేపటికి: నీళ్లు తగ్గేది 8:00, రాతి గుంటలకి 6:50. పోటు 2:12.