చంద్రగిరి బోరు: మోటారు మంచిదే, దించిన తీరే బాగాలేదు

చంద్రగిరి దగ్గర మా మేనమామ వాళ్ల ఇంటి బోరు కొన్నాళ్లుగా ఏడిపిస్తోంది. ఆన్ చేయగానే ట్రిప్పవుతుంది, లేదంటే కాసేపు నీళ్లు పోసి ఆగిపోతుంది. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్, అంటే బోరు లోపల నీళ్లలో మునిగి ఉండే మోటారు. తెలిసినవాళ్లెవరో తక్కువలో దించిపెట్టారు. "మోటారు కాలిపోయిందిలేరా, కొత్తది తెచ్చేద్దాం" అన్నాడు మామ. "ఉండు మామా, ముందు కొలిచి చూద్దాం" అని ప్యానెల్ బోర్డు విప్పాను.

మూడు వైర్లనూ జతలుగా మల్టీమీటరుతో కొలిచాను. రన్నింగ్, స్టార్టింగ్ వైండింగులు (మోటారులోని రాగి తీగ చుట్టలు) రెండూ కామన్ వైరు దగ్గర కలుస్తాయి కాబట్టి రెండు చిన్న రీడింగులూ కలిపితే దాదాపు పెద్ద రీడింగు రావాలి. వచ్చింది. అంటే వైండింగు తెగలేదు. వైరు తొడుగులోంచి కరెంటు బయటికి కారుతోందా అని చూసే 500 వోల్టుల మెగ్గరు పెడితే మాత్రం సున్నా. కరెంటు నీళ్లలోకి పోతోంది. మోటారులోంచా, కేబుల్‌లోంచా అన్నది పైకి తీస్తేగానీ తేలదు.

శనివారం పొద్దున్నే ఎండ ముదరకముందే లాగడం మొదలుపెట్టాం. నల్ల పైపు, అందులో నీళ్లు, మోటారు అన్నీ కలిపితే వంద కిలోలకు తక్కువ ఉండదు. కేసింగు (బోరు మూతి దగ్గర దించే గొట్టం) మీద ఇనుప క్లాంపు బిగించి, లాగిన పైపును మామిడితోటలోకి నేరుగా నడిపించుకుంటూ పోయాం. నల్ల పైపును ఎక్కడా మడవకూడదు. ఒక్కసారి మడతపడితే అక్కడే చీలుతుంది.

లాగుతుంటే ఒక్కొక్కటీ బయటపడింది. సేఫ్టీ తాడు లేదు, బరువంతా పైపు మీదే. కేబుల్‌ను పైపుకు కట్టకుండా వదిలేశారు. మన చిత్తూరు వైపు కేసింగు పై మట్టి వరకే ఉంటుంది, కింద అంతా రాయి. మోటారు స్టార్టయినప్పుడల్లా పైపు విదిలించుకుంటుంది, వేలాడే కేబుల్ గరుకు రాయికి రాసుకుంటుంది. రెండు చోట్ల పైతొడుగు అరిగి లోపలి రంగు వైర్లు కనిపించాయి. పంపు దగ్గర పైపుకు ఒకే ఒక్క ఇనుప క్లిప్పు, అదీ తుప్పుపట్టి చేతిలోనే విరిగింది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే మోటారు బోరులోనే ఉండిపోయేది.

అసలు జబ్బు జాయింటులో ఉంది. మోటారు వైర్లను కేబుల్‌తో మెలిపెట్టి, మూడింటికీ కలిపి మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టారు. బ్లేడుతో కోసి చూస్తే టేపు జిగురు మెత్తబడి జారిపోతోంది, లోపల నీళ్ల చుక్కలు, రాగి తీగల మీద పచ్చటి పొడి. మూడు జాయింట్లూ పక్కపక్కనే, ఒకదానికొకటి తగులుతూ ఉన్నాయి. దాన్ని కత్తిరించేసి మోటారుకు ఒక్కదానికే మెగ్గరు పెట్టాను. 20 మెగాఓములకు పైనే చూపించింది, అంటే మోటారులో లీకేజీ లేదు. మామ ముఖం వెలిగిపోయింది!

తిరుపతికి వెళ్లి మోటారు సామాన్ల అంగడిలో కావలసినవి తెచ్చాను. ఎక్కువ ఖర్చు కేబుల్‌కే. మోటారు నుంచి ప్యానెల్ దాకా 90 మీటర్లు. పాతది 1.5 చదరపు మిల్లీమీటర్లది. 8 ఆంపియర్లు లాగితే పోనూ రానూ కలిపి సుమారు 17 వోల్టులు దారిలోనే పోతాయి. 4 ది వేస్తే ఏడుకు దాటదు. సాయంత్రాలు వోల్టేజి 200 దగ్గరికి పడిపోయే ఊళ్లో ఆ పది వోల్టులు పెద్ద తేడానే. అందుకే 4 దే, అదీ మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క తీసుకున్నాను.

కొత్త జాయింట్లను ఒకదాని కింద ఒకటి, జానెడు ఎడంతో వేశాను. ఫెర్రూల్ (వైర్లను కలిపే చిన్న లోహపు గొట్టం) పెట్టి గట్టిగా నొక్కి, పైన సాగే రబ్బరు టేపును సగం సగం ఎక్కేలా లాగి చుట్టి, దాని మీద మామూలు టేపు. తర్వాత జాయింటును బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఆదివారం పొద్దున నీళ్లలో ఉండగానే మెగ్గరుతో కొలిచాను. రీడింగు తగ్గలేదు. ఈ పరీక్ష చేయకుండా మోటారు దించొద్దని ఎవరికైనా గట్టిగా చెబుతాను.

దించేముందు మోటారులో మంచినీళ్లు నింపాం (మాది నీళ్లు నింపే రకం, ఆయిల్ మోటారైతే ఆ పని ఉండదు). పంపు దగ్గర రెండు స్టెయిన్‌లెస్ క్లిప్పులు ఎదురెదురుగా బిగించి, నైలాన్ తాడు కట్టి, ప్రతి పది అడుగులకూ సైకిల్ ట్యూబు ముక్కలతో కేబుల్‌ను పైపుకు కట్టాను. ఇంతకుముందు మోటారును బోరు అడుగున బురదలో కూర్చోబెట్టారు. నీళ్లు పీల్చే జాలీ మోటారుకు పైన ఉంటుంది, మోటారును చల్లబరిచేది దాని పక్కనుంచి పైకి పోయే నీళ్లే. బురదలో కూరుకుపోతే వేడెక్కి ఆగిపోతుంది. బోరు 270 అడుగులు, ఇప్పుడు మోటారును 240 దగ్గర ఆపాను. ప్యానెల్‌లో రన్నింగ్ కెపాసిటర్ కూడా మోటారు ప్లేటు మీద రాసిన విలువది కాదు, మార్చాను. బొగ్గు, ఉప్పు వేసి కొత్తగా ఎర్తింగు పెట్టాం.

ఆన్ చేస్తే 212 వోల్టుల దగ్గర 7.2 ఆంపియర్లు, ప్లేటు మీద ఉన్నదానికంటే తక్కువే. మొదట ఎర్రనీళ్లు, తర్వాత తేటగా వచ్చాయి. 200 లీటర్ల డ్రమ్ము ఆరు నిమిషాల్లో నిండింది.

ఇంకా మిగిలింది బోరు మూతి. ఇన్నాళ్లూ గోనెసంచి కప్పి ఉంచారు, ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతున్నారు. ఈరోజుకు మూతకు బోల్టులు బిగించాను. సుప్రీంకోర్టు 2010లో చెప్పినట్టు కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కూడా కట్టాలి. వచ్చే వారం ఇసుక తోలిస్తానన్నాడు మామ. నీళ్లు లేనప్పుడు మోటారును ఆపే డ్రై రన్ రిలే కూడా వేసవిలోపే పెట్టాలి.