పింఛనుకు రాసే ముందు మరణ ధ్రువపత్రంలో పేరు చూడండి

మనిషి పోయిన ఇంట్లో కర్మలు అయ్యాక ఎవరో ఒకరు "సచివాలయానికి పోయి పింఛనుకు రాయించుకోమ్మా" అంటారు. మంచి మాటే. కానీ వితంతు పింఛను, పీఎఫ్, బ్యాంకు బీమా, రైల్వే కుటుంబ పింఛను అన్నీ ఒకే కాగితం అడుగుతాయి, అదే మరణ ధ్రువపత్రం. దాంట్లో పేరు తప్పు పడితే ఎక్కడికి పోయినా వెనక్కే పంపుతారు.

చావు ఎక్కడ జరిగిందో అక్కడే నమోదవుతుంది, కాపురమున్న ఊళ్లో కాదు. చిత్తూరు వైపు వాళ్లు ఇది బాగా గుర్తుంచుకోవాలి. గుడిపాల, యాదమరి నుంచి జబ్బు ముదిరితే తమిళనాడులోని వేలూరు సీఎంసీ ఆస్పత్రికే తీసుకుపోతారు. అక్కడ ప్రాణం పోతే మన పంచాయతీ కార్యదర్శి చేయగలిగింది లేదు, పత్రం వేలూరు నుంచే రావాలి. సీఎంసీ రాణిపేట క్యాంపస్‌లో అయితే అది వేరే జిల్లా, పత్రమూ అక్కడిదే. రుయా ఆస్పత్రిలోనో స్విమ్స్ ఆస్పత్రిలోనో పోతే తిరుపతిలో నమోదవుతుంది. ఆస్పత్రిలో జరిగితే ఆస్పత్రివాళ్లే వివరాలు పంపుతారు. ఇంట్లో జరిగితే 21 రోజుల్లోపు ఇంటివాళ్లే చెప్పాలి, అప్పటిదాకా రుసుము లేదు. 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుముతో సరిపోతుంది. ఆ తర్వాత ఏడాదిలోపు పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు తప్పదు.

పేరు దగ్గర ఎలా చెడుతుందో చూడండి. అర్ధరాత్రి ఆస్పత్రిలో చేర్పించిన మేనల్లుడు "మునిరత్నం" అని చెబుతాడు. తమిళనాడులో ఇంటిపేరు రాసే అలవాటు లేదు, తండ్రి పేరులో మొదటి అక్షరం చేర్చి "జి. మునిరత్నం" అని రాసుకుంటారు. ఆధార్‌లో "పులిచెర్ల మునిరత్నం", బ్యాంకు పుస్తకంలో "పి. మునిరత్నం". ముగ్గురూ ఒకరేనని కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? అందుకే శవాన్ని తీసుకొచ్చే హడావుడిలోనైనా ఇంట్లో చదువుకున్నవాళ్లు ఒకరు ఆధార్ జిరాక్స్ పట్టుకుని ఆస్పత్రి రికార్డు గదికి పోయి, నమోదుకు పంపే ఫారంలో పేరు, తండ్రి పేరు, భార్య పేరు, చిరునామా సరిచూడాలి. అక్కడ ఐదు నిమిషాల పని. పత్రం వచ్చాక అయితే 1969 చట్టం 15వ సెక్షన్ కింద, ఆధారాలు పెట్టి, నమోదు చేసిన రిజిస్ట్రారు దగ్గరే దిద్దించుకోవాలి. అంటే మళ్లీ వేలూరు బస్సు ఎక్కాలి.

ఇక సచివాలయం సంగతి. ఏపీ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద వితంతు పింఛను నెలకు 4,000 రూపాయలు. భర్తకు అప్పటికే వృద్ధాప్య పింఛను వస్తుండి ఆయన పోతే, 2024 నవంబరు నుంచి భార్యకు స్పౌజ్ (జీవిత భాగస్వామి) కోటాలో ఇస్తున్నారు. మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్ పట్టుకుని వెంటనే సచివాలయానికి పోవాలి. ఆయనకు పింఛను లేకపోతే మామూలు దారే. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 లోపు ఉండాలి. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించకూడదు. ఇంట్లో కారు, ఇన్‌కంట్యాక్స్ కట్టేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్ల లోపే కాలాలి.

ఎక్కువమంది ఆగిపోయేది ఈ షరతులను కంప్యూటరులో సరిచూసే సిక్స్ స్టెప్ వాలిడేషన్‌లోనే. అద్దెకిచ్చిన వాటాల మీటర్లన్నీ చనిపోయినాయన ఆధార్‌కే తగిలించి ఉంటాయి, యూనిట్లన్నీ కలిపితే 300 దాటుతుంది. కరెంటాఫీసులో సర్వీసు నంబరుకు ఏ ఆధార్ ఉందో అడిగి మార్పించుకోవాలి. పెళ్లయి వేరే కాపురం పెట్టిన కొడుకు ఇంకా తల్లి హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లోనే (సచివాలయం రికార్డులో ఒకే కుటుంబంగా) ఉంటాడు, వాడి కారు ఆమె లెక్కలో పడుతుంది. బియ్యం కార్డులో, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో కొడుకును విడగొట్టి, పోయినాయన పేరు తీసేయించాకే దరఖాస్తు పెట్టాలి. ముందు పెట్టి తిరస్కరణ తెచ్చుకుంటే పని రెండింతలవుతుంది.

శ్రీసిటీలోనో గాజులమండ్యం ఫ్యాక్టరీల్లోనో పనిచేస్తూ పోయినవాళ్ల ఇళ్లలో చాలామంది పీఎఫ్ డబ్బు తీసుకుని ఊరుకుంటారు. అది సగం పనే. కాంపోజిట్ డెత్ క్లెయిమ్ ఫారంలో మూడూ అడగాలి: పీఎఫ్ నిల్వ, ఈడీఎల్ఐ (పీఎఫ్ సభ్యులకుండే జీవిత బీమా), నెల నెలా పింఛను. ఈడీఎల్ఐ గరిష్ఠంగా 7 లక్షలు వస్తుంది, పోయేనాటికి ఏడాది పాటు విడవకుండా సర్వీసు ఉంటే 2.5 లక్షలకు తగ్గదు. ఉద్యోగంలో ఉండగా పోతే ఒక్క నెల చందా కట్టినా చాలు, భార్యకైనా భర్తకైనా పింఛను వస్తుంది, కనీసం 1,000. దానికి తోడు ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా ఒక్కొక్కరికి అందులో 25 శాతం.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త. కాంట్రాక్టరు ఆన్‌లైన్‌లో కారణం "పనిలో ఉండగా మరణం" అని పెట్టకుండా, అంతకుముందు తేదీతో పని మానేశాడని పెడితే బీమా పోతుంది. ఆ గడి ఏమని నింపారో అడిగి చూడండి. రెండోది నామినేషన్. పెళ్లికి ముందు తల్లి పేరు పెట్టి ఉంటే, పెళ్లయిన క్షణం నుంచి ఆ నామినేషన్ చెల్లదు. అత్తాకోడళ్లు ఆ కాగితం పట్టుకుని పోట్లాడుకోవడం దండగ. పింఛను మాత్రం నామినేషన్‌తో పని లేకుండా భార్యకే వస్తుంది.

రైల్వేవాళ్లకు దారి కొంత సులువు. పీపీఓలో (పింఛను మంజూరు పత్రంలో) భార్య పేరు ఉంటే, ఖాతా ఉమ్మడిదైతే, పత్రం ఇచ్చి బ్యాంకులోనే మార్పించుకోవచ్చు. కుటుంబ పింఛను మామూలు రేటు చివరి జీతంలో 30 శాతం. సర్వీసులో ఉండగా పోతే మొదటి పదేళ్లు 50 శాతం. ఆయన పోయాక ఖాతాలో పడిన పింఛను ఏటీఎంలో తీయకండి, బ్యాంకు తిరిగి రాబట్టుకుంటుంది.

పాసుపుస్తకంలో మే నెలాఖరున 436 రూపాయలు, 20 రూపాయలు కోత పడ్డాయేమో వెతకండి. అవి బ్యాంకు బీమా ప్రీమియంలు. మొదటిది జీవనజ్యోతి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. రెండోది సురక్షా, ప్రమాదమైతే 2 లక్షలు. మామిడి తోటలో పాము కరిచినా, చెట్టు మీంచి పడినా ప్రమాదం కిందికే వస్తుంది. అయితే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోయిన రికార్డు ఉండాలి, రోడ్డు ప్రమాదమైతే పోలీసు కేసు ఉండాలి. పోస్టుమార్టం వద్దని దండం పెట్టి శవాన్ని తెచ్చుకున్న ఇళ్లలోనే ఈ క్లెయిమ్ చిక్కుకుంటుంది.