కారం తెలిసింది, ఉప్పు తెలియలేదు: నా నీట్ ఎండీఎస్ రెండో అటెంప్ట్

బీడీఎస్ అయ్యాక డెంటల్ పీజీ సీటు కోసం రాసే నీట్ ఎండీఎస్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. పోయినసారి పదకొండు వేలు దాటిన ర్యాంకు ఈసారి మూడంకెల్లో ఉంది. చండూరులో మా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ నాన్న ఇంకా చాయ్ పోయిస్తూనే ఉన్నారు. జూనియర్లు ఫోన్ చేసి "అక్కా, ఏ బుక్స్ చదివావు, రోజుకి ఎన్ని గంటలు" అని అడుగుతున్నారు. బుక్స్ మీ అందరి దగ్గరా ఉన్నవే. 240 ప్రశ్నలు, 3 గంటలు, ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1 అన్నదీ మీకు తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది లింగ్వల్ నర్వ్, అంటే నాలుకకి పోయే నరం సంగతి.

మొదటిసారి హెడ్ అండ్ నెక్ అనాటమీ మొత్తం బట్టీ పట్టాను. మాండిబ్యులర్ నర్వ్ (కింది దవడ నరం) పోస్టీరియర్ డివిజన్ బ్రాంచి, కార్డా టింపనీ అనే ఇంకో నరం వచ్చి కలుస్తుంది, నాలుక ముందు మూడింట రెండొంతులకి సెన్సేషన్. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అసలు పరీక్షకి ముందు రాసే ఒక గ్రాండ్ టెస్ట్‌లో అదే విషయాన్ని తిప్పి అడిగారు: కార్డా టింపనీ కలవకముందే లింగ్వల్ నర్వ్ తెగితే ఏం పోతుంది? స్పర్శ, రుచి రెండూ అని పెట్టాను. కీ చూసి, సరైన ఆప్షన్‌కి టిక్కు కొట్టి, పేజీ తిప్పేశాను. ఎందుకు తప్పో ఆలోచించలేదు. అసలు పరీక్షలో నన్ను ముంచినవి ఇలాంటి తిప్పుడు ప్రశ్నలే.

ఆ రిజల్ట్ తర్వాత నల్గొండలో ఒక క్లినిక్‌లో సాయంత్రాలు అసిస్ట్ చేయడానికి చేరాను. అక్కడికి మునుగోడు వైపు నుంచి ఒక పెద్దమ్మ కుడి కింది జ్ఞానదంతం తీయించుకోవడానికి వచ్చింది. పన్ను నాలుక వైపు ఒరిగి ఉంది. లోపలి వైపు చిగురు లేపి, ఎలివేటర్ (చిగురుని పక్కకి పట్టే పరికరం) పెట్టి, గట్టిగా పట్టుకోమన్నారు డాక్టర్. పట్టుకున్నాను. పన్ను వచ్చేసింది, కుట్లు పడ్డాయి, అందరం సంతోషించాం.

మర్నాడు సాయంత్రం పెద్దమ్మ మళ్లీ వచ్చింది. "డాక్టరమ్మా, మందు ఇంకా దిగలేదా? సగం నాలుక నాది గానట్టే ఉంది. చాయ్ కాలినా తెలుస్తలేదు" అంది. నాలుక చాపమంటే కుడి అంచున పళ్లు దిగిన ఎర్రటి గాటు. కొరుక్కున్నట్టు కూడా ఆమెకి తెలియలేదు. ఆ గాటు చూశాక నాకు రాత్రి అన్నం సయించలేదు. ఎలివేటర్ పట్టుకున్న చెయ్యి నాదే కదా.

ఆ రాత్రే పుస్తకం తీశాను. ఈసారి మార్కుల కోసం కాదు. జ్ఞానదంతం దగ్గర ఆ నర్వ్ లింగ్వల్ ప్లేట్ (పన్నుకి నాలుక వైపున్న ఎముక గోడ) పక్కనే, పల్చటి పొర కింద పోతుంది. శవాల మీద కోసి చూసిన 1984 నాటి పరిశీలనలో 62 శాతం చోట్ల అది ఎముకకి ఆనుకునే ఉంది. 17.6 శాతంలో ప్లేట్ అంచు ఎత్తులోనో, అంతకు పైనో కనపడింది. 2000లో వచ్చిన ఇంకా పెద్ద పరిశీలనలో కూడా 14 శాతంలో అంచుకి పైనే. అంటే లోపలి వైపు ఎలివేటర్ పెట్టి లాగిన ప్రతిసారీ ఆ నర్వ్‌తో పందెం కాసినట్టే. కోత కూడా పన్ను వెనక నేరుగా పోకుండా బుగ్గ వైపు ఎందుకు తిరగాలో అప్పుడు అర్థమైంది. ర్యామస్, అంటే కింది దవడలో వెనక పైకి లేచే ఎముక, బయటికి విచ్చుకుంటుంది. నేరుగా వెనక్కి పోతే బ్లేడు కింద ఎముక ఉండదు.

పెద్దమ్మని రెండు వారాలకోసారి రమ్మన్నాను. కళ్లు మూయించి, దూది పోచతో తాకి, తెలియని మేర కార్డు మీద గీసి తేదీ వేసేదాన్ని. మూడు నెలలైనా ఏ మార్పూ లేకపోతే నర్వ్ రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి పంపాలి, అందుకని ఆ తేదీలు ముఖ్యం. నర్వ్ దెబ్బల్లో సెడ్డన్ 1943లో చెప్పిన మూడు రకాలు, సండర్లాండ్ 1951లో చెప్పిన ఐదు డిగ్రీలు నాకు పట్టికలో ఉన్నప్పుడు ఎప్పుడూ కలగలిసిపోయేవి. ఆ కార్డు చేతిలో ఉన్నాక ఒక్కసారీ కలవలేదు.

ఏడో వారం వచ్చి, "బిడ్డా, పచ్చిమిరప తొక్కు తింటే ఇయ్యాల ఈ పక్క గూడ చుర్రుమంది" అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. వెంటనే ఉప్పు నీళ్లలో దూది ముంచి, చాపిన నాలుక మీద కుడి సగానికి అద్దాను. తలూపింది, ఏమీ లేదని. ఎడమ వైపు అద్దగానే మొహం చిట్లించింది.

గ్రాండ్ టెస్ట్ ప్రశ్న అక్కడ విడింది. కారం రుచి కాదు, మంట. దాన్ని మోసేది ట్రైజెమినల్, అంటే లింగ్వల్ నర్వ్ సొంత పోగులు. ఉప్పు రుచిని మోసేది కార్డా టింపనీ, అంటే ఫేషియల్ నర్వ్ పోగులు. జ్ఞానదంతం దగ్గర రెండూ ఒకే తొడుగులో పోతాయి కాబట్టి పెద్దమ్మకి రెండూ పోయాయి, తిరిగి రావడం మాత్రం వేర్వేరుగా. పైన, రెండూ కలవకముందు లింగ్వల్ నర్వ్ తెగితే స్పర్శ పోయి రుచి మిగులుతుంది. చెవి ఆపరేషన్‌లో కార్డా టింపనీ దెబ్బతింటే రుచి పోయి స్పర్శ మిగులుతుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకోండి, ఎటు తిప్పి అడిగినా దొరకరు. వార్టన్స్ డక్ట్ (నాలుక కిందకి లాలాజలం తెచ్చే గొట్టం)తో ఈ నర్వ్ సంబంధం కూడా పెన్నుకి అమ్మ పూల దారం చుట్టి నేర్చుకున్నాను: నర్వ్ డక్ట్‌కి బయటి పక్క నుంచి వచ్చి, కింద దూరి, లోపలి పక్కకి లేస్తుంది.

మిగతా సబ్జెక్టుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అందరూ చేసే రివిజనే. కమ్యూనిటీ డెంటిస్ట్రీలో మాత్రం నల్గొండ టెక్నిక్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి) తప్పు పెట్టకండి. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్. ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయిన తాతలున్న ఇళ్లు మనవి, ఆ మార్కు మనం పోగొట్టుకోకూడదు.

క్లినిక్‌లో చేరి ఏడాది వృథా చేసుకుందని నన్ను చాలామంది అన్నారు. రోజూ పొద్దున ఐదున్నర నుంచి మధ్యాహ్నం దాకా ఫోన్ అల్మారాలో పెట్టి చదివాను. పండగ లేదు, పెళ్లి లేదు. తప్పు పెట్టిన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు తప్పో రెండు లైన్లు రాయందే లేవలేదు. నోటుబుక్కులు ఏడయ్యాయి. మీరు రాయరు, నాకు తెలుసు, నేనూ మొదటి ఏడాది రాయలేదు. రాయండి. వీడియో రెండింతల స్పీడులో చూసి చదివేశామనుకోవడం మానండి.

ఐదో నెలలో పెద్దమ్మ నాలుక మీద మళ్లీ ఉప్పు దూది పెట్టాను. కళ్లు మూసుకుని కాసేపు ఆగి, "ఉప్పే బిడ్డా, జర సన్నగ" అంది. కార్డు మీద తేదీ వేశాను. మొన్న ర్యాంకు చూడగానే అమ్మకి చెప్పి, రెండో ఫోన్ ఆమెకే చేశాను.