మా అత్తయ్యను నేనైతే ఏమైనా అనొచ్చు

పదకొండు దాటింది. పడుకుందామంటే ఆ మెసేజే గుర్తొస్తోంది. మా బొంతలు కుట్టేవాళ్ళ గ్రూపులో, మా అత్తయ్య గురించి “అలాంటి మనిషితో ఎలా వేగుతున్నావే?” అని డాలస్ అక్క పెట్టింది. ధార్వాడ ఆవిడ దాని కింద ఏడుపు బొమ్మ తగిలించారు. విజయనగరం టీచరుగారు చదివి ఊరుకున్నారు. ఆవిడ ఎప్పుడూ అంతే.

సంగతేమిటంటే, కుట్టు మిషను కింద, బొంత కోసం కోసిన పట్టీలు దాచుకున్న నీలం సంచి పోయింది. మధ్యాహ్నం పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాడు వస్తే అత్తయ్య ఇచ్చేశారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కొత్త బేసిన్ ఒళ్ళో పెట్టుకుని, వేలి కణుపుతో కొట్టి మోత వింటున్నారు. “గేజు చూడు అమ్మాయ్, ఎంత దిట్టంగా ఉందో!” అన్నారు.

“వాడు ముందు ఈ పేలికలు నాకొద్దన్నాడు. రెండు పాత ప్యాంట్లు పైన వేసి, తీసుకుంటే అన్నీ తీసుకో, లేకపోతే నడు అన్నాను. చచ్చినట్టు తీసుకున్నాడు.” ఆ రెండు ప్యాంట్లలో ఒకటి ఆయన రేపు వేసుకోవాలనుకున్నదట. ఆ గొడవలో నేను తలదూర్చలేదు.

పేలికలట! ఒక్కో పట్టీ ఒకటిన్నర అంగుళం వెడల్పున స్కేలు పెట్టి కోసినవి. రెండు పక్కలా పావేసి అంగుళం కుట్టులోకి పోతే పైకి సరిగ్గా అంగుళం కనిపించాలి. ఆ పావు అంగుళంలో నూలుపోగంత తేడా వచ్చినా, వరసలు పెరిగేకొద్దీ చదరం మూల తప్పి వంకర పోతుంది. లాగ్ క్యాబిన్, అంటే దుంగల ఇల్లు, అంటారు ఈ పద్ధతిని. నడుమ ఎర్ర చదరం, దాని చుట్టూ పట్టీలు, రెండు పక్కల లేత రంగులు, రెండు పక్కల ముదురువి. నడిమి ఎరుపు ఆ చెక్క ఇంట్లో పొయ్యి అని అమెరికా వాళ్ళు చెప్పుకుంటారు. లేత రంగులు అలమరలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి. సంచిలో ఉన్నవన్నీ ముదురువి. టీచరుగారు పోస్టులో పంపిన నారాయణపేట గళ్ళ ముక్క, ధార్వాడ ఆవిడ ఇచ్చిన ఇలకల్ చీర కొంగు, అన్నిటికన్నా పైన అమ్మ మంగళగిరి చీర, వంకాయ రంగుది. సగమే కోశాను. మిగతా సగం మడత పెట్టి అందులోనే ఉంచాను.

అసలు ఆ చీర కోసే ధైర్యం అక్క ఇచ్చిందే. అమ్మ పోయాక ఆవిడ చీరల బీరువా తలుపు చాలా రోజులు తీయలేకపోయాను. అప్పుడే ఒక శనివారం కాల్‌లో అక్క జీస్ బెండ్ ఆడవాళ్ళ గురించి చెప్పింది. అలబామాలో నది వంపు మూడు వైపులా చుట్టేసిన ఊరది. బానిసలుగా బతికినవాళ్ళ సంతతి. పొలం పనికి వేసుకుని చిరిగిన జీన్సు గుడ్డలు, దుప్పట్లు, పిండి సంచులు, ఏది దొరికితే దానితో బొంతలు కుట్టారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని గోడలకు వేలాడదీసి చూపించారు, తర్వాత న్యూయార్కులో విట్నీ మ్యూజియానికి వెళ్ళాయి. 2006లో తపాలా బిళ్ళల మీదికి కూడా ఎక్కాయి. హ్యూస్టన్‌లో పెట్టినప్పుడు అక్క కొత్తగా కాపురానికి వెళ్ళిందట, ఇంగ్లీషులో నోరు విప్పడానికి భయపడుతూ ఎవరి వెంటో వెళ్ళి చూసిందట. అందులో మిసూరి పెట్‌వే అనే ఆవిడ కుట్టినది ఒకటి ఉంది. భర్త చనిపోతే, 1942లో ఆయన పని బట్టలన్నీ కోసి బొంత చేసుకుంది, కప్పుకుని పడుకోవడానికి. మోకాళ్ళ దగ్గర వెలిసిన గుడ్డ వెలిసినట్టే ఉంటుంది దానిలో. అక్క ఇంకేమీ అనలేదు. నేను ఆ రాత్రే బీరువా తీశాను.

ఆ తర్వాత కొన్ని వారాలు కాల్ పెట్టి ఇద్దరం మాట్లాడేవాళ్ళం కాదు. నా మిషను చప్పుడు, ఆవిడ మిషను చప్పుడు, అంతే. నాకు రాత్రి భోజనాల వేళ, ఆవిడకు పొద్దుటి కాఫీ వేళ. మా ఇంట్లో ఎవరూ అలా కూర్చోలేదు నా దగ్గర. అందుకే ఇవాళ సంచి సంగతి ముందు ఆవిడకే చెప్పాను.

చెప్పాక ఆ మెసేజ్ వచ్చింది. అంతవరకు నేను అత్తయ్య మీద మండిపడుతున్నదాన్ని, అది చదవగానే ఒళ్ళు మండింది అక్క మీద. అలాంటి మనిషి అంటే ఎలాంటి మనిషి?

అత్తయ్య చేసింది తప్పే. ఇంట్లో చెదపురుగు పట్టిన కాగితం తీయాలన్నా నన్ను అడిగి తీసే మనిషి, ఇది అడగలేదు. అడిగితే ఏం పోయేది? ఫోను లేదా? మధ్యాహ్నం భోజనం చేశావా అని అడగడానికి చేస్తారు కదా, అప్పుడు చెప్పొచ్చు కదా! పైగా ఆ బేసిన్ చూస్తే ఇంకా కోపం. మా ఇంట్లో బేసిన్లకు కరువా? అటక మీద ఆవిడ పుట్టింటి పేరు చెక్కినవే ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టి ఉన్నాయి. దీని మీద నా పేరు చెక్కిస్తారట. దేనికి? ఏం పోగొట్టుకున్నానో గుర్తుండడానికా?

అమ్మ కూడా ఇలాగే చేసేది. అమ్మ గుర్తొచ్చిందంటే ఆ అరుగు గుర్తొస్తుంది. స్టీలు గిన్నెల గంప దింపాక వాడు చీరను రెండు చేతులతో పైకెత్తి వెలుగుకు పట్టేవాడు. చిరుగుంటే వేలు దూర్చి చూపించేవాడు. “నీ వేలు దూర్చి నువ్వే చింపుతున్నావు” అని అమ్మ లాక్కునేది. వాడు టీ గ్లాసు చూపిస్తే అమ్మ మూత ఉన్న డబ్బా చూపించేది. వాడు గంప ఎత్తుకుని రెండిళ్ళు దాటి వెళ్ళేవాడు, అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది, మళ్ళీ వాడే వచ్చేవాడు. ఈలోపు పక్కింటి వాళ్ళు, ఎదురింటి వాళ్ళు చేరి, పట్టు అంచు విప్పి ఇవ్వు, జరీ ఉంచుకో అని తలా ఒక సలహా. ఎండాకాలం మధ్యాహ్నమంతా దానితోనే గడిచేది. చివరికి చేతికొచ్చేది ఇంతోటి గిన్నె. దాన్ని బోర్లించి, అడుగు చూసి, మోగించి, అందరి చేతులూ తిరిగి ఇంట్లోకి వచ్చేది. ఆ గిన్నెల్లో ఒకటి నా దగ్గరుంది. పాలు కాచేది దానిలోనే.

అత్తయ్య ఇవాళ మధ్యాహ్నం ఒక్కతే ఆ బేరం ఆడారు. ఈ అపార్ట్‌మెంటులో ఎదురింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. బేసిన్ చూపించడానికి సాయంత్రం దాకా నా కోసం కూర్చున్నారు. నేనేమో బ్యాగు విసిరి గదిలోకి వెళ్ళిపోయాను.

ఇదంతా రాస్తే ఆవిడను వెనకేసుకొస్తున్నట్టుంది. లేదు, కోపం అలాగే ఉంది. కానీ అక్కకు ఆవిడ తెలిసింది నా మాటల్లోంచే. సాంబారులో దారం వచ్చిందని ఆవిడ గొణగడం చెప్పాను, మిషను చప్పుడుకు టీవీ వినపడదని సాధించడం చెప్పాను. రాత్రి పడుకోబోయే ముందు అయస్కాంతం పట్టుకుని, మోకాళ్ళ నొప్పితోనే హాలంతా వంగి తిరిగి, నేను పడేసిన గుండుసూదులు ఏరే సంగతి చెప్పలేదు. చిన్నదాని కాలికి గుచ్చుకుంటాయని ఆవిడ భయం. ఇందాక కూడా ఏరి, డబ్బాలో వేసి, నాతో మాట్లాడకుండా వెళ్ళి పడుకున్నారు.

ధార్వాడ ఆవిడ ఇప్పుడే ఇంకో మెసేజ్ పెట్టారు. ముదురు పట్టీలు పోతే పోనీ, ఉన్న లేత గుడ్డలతో కవంది అనే రకం బొంత కుట్టమంటున్నారు. కర్ణాటకలో హళియాళ వైపు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నారు ఆవిడ. అంచు నుంచి మొదలుపెట్టి, ముక్క అంచు మడుస్తూ, చుట్టూ కుట్టుకుంటూ నడిమికి రావాలి. నాలుగు మూలలా మడతపెట్టిన గుడ్డ పువ్వులు ఉండాలి. ఫులా అంటారట. స్కేలు అక్కర్లేదు, పావు అంగుళం గొడవ లేదు. ఆలోచన బాగానే ఉంది. కానీ అమ్మ చీర దానిలో కూడా ఉండదు కదా.

అక్కకు మూడుసార్లు జవాబు రాసి చెరిపేశాను. గట్టిగా రాస్తే బాధపడుతుంది, మెత్తగా రాస్తే మళ్ళీ అదే అంటుంది. రాయడం మానేశాను. శనివారం కాల్‌లో అత్తయ్యను తీసుకొచ్చి నా పక్కనే కూర్చోబెడతాను, బేసిన్‌తో సహా. ఆ మాట ఏదో మొహం మీద అనమనండి, చూద్దాం. అత్తయ్య మాత్రం ఊరుకుంటారా? గజం ఇంత పెట్టి కొత్త గుడ్డ కొని, దాన్ని ముక్కలు చేసి, మళ్ళీ కుట్టడమేమిటమ్మా అని అక్కను తప్పకుండా అడుగుతారు. దానికి అక్క ఏం చెబుతుందో నాకూ వినాలని ఉంది.