పెన్నీల లెక్కలో బీరు గాఢత

1750 నుంచి 1976 వరకు లండన్‌లోని చిస్‌వెల్ వీధిలో బీరు తయారు చేసిన విట్‌బ్రెడ్ సంస్థ పాత చిట్టాలను ఈమధ్య చదివాను. సొంత సరుకు లెక్కలు ఎవరైనా రాసుకుంటారు. వీరు మాత్రం పోటీదారుల బీరును సైతం తెప్పించి, పరీక్షించి, గాఢతనూ ధరనూ ఒకే వరుసలో నమోదు చేసుకున్నారు.

ఆ గాఢత ఆల్కహాలు శాతం కాదు. నీటి సాంద్రతను 1000గా తీసుకుంటే పులియడానికి ముందు మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) రసం సాంద్రత ఎంతో చెప్పే అంకె అది. 1880లో బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్టు మీది పన్నును తొలగించి, ఈ రసం సాంద్రత మీదే సుంకం వేశాడు కనుక, బీరు ఎంత చిక్కనైతే ఖజానాకు అంత ఎక్కువ కట్టవలసి వచ్చేది. 1055 సాంద్రత గల ప్రామాణిక పీపాకు 1914లో 7 షిల్లింగుల 9 పెన్నీలుగా ఉన్న సుంకం 1920 నాటికి 100 షిల్లింగులైంది! యుద్ధకాలపు ధాన్యం కొరత కూడా తోడవడంతో, 1052 ప్రాంతంలో ఉన్న దేశ సగటు సాంద్రత 1918 నాటికి 1030 దరిదాపులకు జారిపోయింది. యుద్ధానికి ముందు పింటు (అర లీటరు పైచిలుకు) రెండు పెన్నీలకే దొరికిన మైల్డ్ అనే సాధారణ బీరు ఆ తరువాత పలుచబడింది, పైగా ప్రియమైంది.

నా దృష్టిలో అసలు అన్యాయం ఇంకొకటి. ఆ రోజుల్లో తాగేవాడికి ఈ అంకెలేవీ తెలిసేవి కావు. ధరను బట్టి ఊహించుకోవడమే. 1971లో ఏర్పడిన కామ్రా అనే వినియోగదారుల సంఘం వాటిని బహిరంగంగా ప్రకటించాలని తయారీదారుల మీద ఒత్తిడి తెచ్చింది.